ఫోన్ పెడితేనే ముద్ద దిగుతోంది, అత్తగారితో మాట పెరుగుతోంది

ప్రశ్న: మాది గుంటూరు. నేను బ్యాంకులోను, మావారు ఒక ప్రైవేటు సంస్థలోను పనిచేస్తున్నాము. మా బాబుకు మూడున్నరేళ్లు. పగలంతా మా అత్తగారే చూసుకుంటారు. ఫోన్‌లో వీడియోలు పెడితే తప్ప వాడు అన్నం తినడు, పెట్టినా గంట పడుతుంది. వద్దన్నందుకు అత్తగారు, "నా పెంపకం నచ్చకపోతే మీరే చూసుకోండి, నేను ఊరికి వెళ్లిపోతాను" అన్నారు. మొన్న రాత్రి నేను ఫోన్ లాక్కుంటే బాబు ఏడ్చి ఏడ్చి తిన్నదంతా కక్కేశాడు. మావారు ఎవరినీ ఏమీ అనరు. బాబు బరువు పదమూడున్నర కిలోలే, పాలు మాత్రం రోజుకు నాలుగు గ్లాసులు తాగుతాడు. నేను ఉద్యోగం మానేయడమే దీనికి పరిష్కారమా?

జవాబు: మీరు ఉత్తరమంతా ఫోన్ గురించి రాసి, పాల సంగతి చివర ఒక్క ముక్కలో చెప్పారు. నేను ముందుగా ఆ పాల దగ్గరే ఆగుతాను. మామూలు గ్లాసుతో లెక్క వేసినా నాలుగు గ్లాసులు ముప్పావు లీటరు దాటుతాయి. ఈ వయసు పిల్లలకు రోజుకు అర లీటరు సరిపోతుంది. అంతకు మించితే కడుపు నిండిపోయి అన్నం వేళకు ఆకలి వేయదు. పాలలో ఇనుము నామమాత్రం కనుక, అన్నం కూరల చోటును పాలే ఆక్రమిస్తే రక్తహీనతకు కూడా దారి తీస్తుంది. పొద్దున లేవగానే ఒక గ్లాసు, పదకొండింటికి ఇంకొకటి తాగి, మధ్యలో నాలుగు బిస్కెట్లు నమిలిన పిల్లవాడిని పన్నెండున్నరకు కంచం ముందు కూర్చోబెడితే, నోరు గట్టిగా మూసుకోవడం తప్ప వాడు మాత్రం ఏం చేస్తాడు?

ఆకలి లేని నోట్లోకి ముద్ద వెళ్లాలంటే ధ్యాస ఎటో మళ్లించాలి. మీ ఇంట్లో ఫోన్ చేస్తున్న పని అదే. వెనకటి వాళ్లు చంకనేసుకుని వాకిట్లోకి తీసుకెళ్లి కాకిని, కుక్కను, చందమామను చూపిస్తూ పెట్టినదీ ఇందుకే. కాకపోతే కాకి కాసేపటికి ఎగిరిపోయేది, వీడియో అయితే ఒకటి ముగియగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. తెర మీద కళ్లు పెట్టిన పిల్లవాడికి తాను తింటున్నది పప్పో పెరుగో కూడా తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు తెర చూసే సమయం రోజు మొత్తం మీద గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది, మన దేశపు పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఆ హద్దునే చెబుతోంది. మీ బాబుకు రెండు పూటల భోజనంతోనే అది రెట్టింపవుతోంది.

బరువు విషయంలో మీ బెంగ కొంత తగ్గించుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం మూడున్నరేళ్ల మగపిల్లల మధ్యస్థ బరువు 15 కిలోల పైచిలుకు, సుమారు 12 కిలోలకు తగ్గితేనే తక్కువ బరువుగా లెక్కిస్తారు. మొదటి పుట్టినరోజుకల్లా పుట్టిన బరువుకు మూడింతలయ్యే బిడ్డ, రెండేళ్లు దాటాక ఏడాదికి దాదాపు రెండు కిలోలే పెరుగుతాడు, ఆకలీ అందుకు తగ్గట్టే ఉంటుంది. అయినా ఒక్కరోజు తూకాన్ని నమ్మి ఊరుకోవద్దు. టీకాల కార్డు తీసుకుని, పాత తూకాలన్నీ రాసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి; ఈ వయసులో అది 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కాబట్టి ఈ పరీక్ష అనవసరపు ఖర్చు కాదు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, చిన్న చిన్న వాక్యాలు కూడా మాట్లాడకపోవడం వంటివి ఉంటే అవీ చెప్పండి. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. అయితే డాక్టరు ముందు, "చెబితే వినరండీ" అని ఆవిడ మీద ఫిర్యాదు మొదలుపెట్టవద్దు. పాలు ఎంత, అన్నం ఎప్పుడు అన్న మాట మీ నోట కాకుండా డాక్టరు నోట ఆవిడ వినడమే ఆ ప్రయాణంలో సగం ప్రయోజనం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాము. ఫోన్ ఇవ్వవద్దన్న ఆజ్ఞ మీది, ఇవ్వకపోతే వచ్చే ఏడుపును భరించవలసినది ఆవిడ. మీరు బ్యాంకుకు వెళ్లాక పగలంతా పరుగులు తీసే పిల్లవాడి వెంట తిరుగుతూ, వంట చేసి, తినిపించి, నిద్రపుచ్చి, సాయంత్రం మీరు రాగానే, "ఏం తిన్నాడు? ఎంత తిన్నాడు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి ఆవిడ. మీరు ఆ ప్రశ్న ప్రేమతోనే అడుగుతారు, ఆవిడకు మాత్రం అది లెక్క అప్పజెప్పడంలా వినిపిస్తుంది. పిల్లవాడు తినని రోజున మాట పడేది తానేనని ఆవిడకు తెలుసు. చుట్టాలెవరు వచ్చినా, "చిక్కిపోయాడేంటి?" అనేది ఆవిడ ముఖం చూసే కదా! ఫోన్ పెడితే కంచం ఖాళీ అవుతోంది, కంచం ఖాళీ అయితే మాట పడదు. ఆ స్థానంలో ఎవరున్నా బహుశా అదే చేసేవారు. ఊరికి వెళ్లిపోతానన్న మాటను కూడా బెదిరింపుగానే తీసుకోకండి. నిజంగానే ఆవిడకు అలసటగా ఉండవచ్చు, ఊళ్లో తోటివాళ్ల మీద మనసు పోతూ ఉండవచ్చు. రెండు మూడు నెలలకొకసారి మీరిద్దరూ వంతులవారీగా సెలవు పెట్టి, ఆవిడను ఒక వారం ఊరికి పంపే ఏర్పాటు గురించి మామూలుగా ఉన్న రోజున మాట్లాడండి. గొడవ జరిగిన మర్నాడు ఆ మాట ఎత్తితే వెళ్లగొట్టినట్టు ఉంటుంది.

అందువల్ల మార్పును ఆవిడ పూటతో మొదలుపెట్టవద్దు. రాత్రి భోజనం మీ చేతిలో ఉంది, అక్కడే మొదలుపెట్టండి. రెండో శనివారం, ఆదివారం బ్యాంకుకు సెలవే కనుక ఆ రెండు రోజులూ ఎంచుకోండి. ఆ ముందు వారంలోనే పాలను రెండు గ్లాసులకు తగ్గించి, అవీ భోజనం తరువాతకు జరపండి. రాత్రి ఎనిమిదింటికి నలుగురూ ఒకేసారి కూర్చోండి. మీ ఫోన్లు, మీవారి ఫోన్, అత్తగారి ఫోన్ అన్నీ ఫ్రిజ్ పైకి వెళ్లాలి. నాన్న చేతిలో ఫోన్ ఉండగా పిల్లవాడికి వద్దని చెప్పడం కుదరదు. బాబు కంచంలో కొంచెం ముద్దపప్పు అన్నం, నెయ్యి, పక్కన పెరుగు పెట్టి వాడి చేత్తోనే తిననివ్వండి. ఒళ్లంతా పూసుకుంటాడు, పూసుకోనివ్వండి. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు నిర్ణయించండి, ఎంత తినాలో వాడికి వదిలేయండి. అరగంట దాటాక మిగిలినది తీసేయండి, తిట్టవద్దు, బతిమాలవద్దు, గంట తరువాత జాలిపడి పాలగ్లాసు అందించవద్దు. తొలి రోజుల్లో ఏడుపు ఇప్పటికన్నా పెరుగుతుంది. మొన్న కక్కిన సంగతి రాశారు కనుక చెబుతున్నాను: వెక్కివెక్కి ఏడ్చే పిల్లవాడి నోట్లో ముద్ద ఉంటే వాంతి కావడం మామూలే, పొలమారే ప్రమాదం కూడా ఉంది. ఏడుస్తున్నంతసేపూ ముద్ద పెట్టవద్దు. సగం తిన్నాక ఫోన్ లాక్కోవడం కన్నా, అసలు భోజనం దగ్గరికి తీసుకురాకపోవడమే వాడికి తేలిక. ఇలా రాత్రి పూట కుదుటపడ్డాక, మధ్యాహ్నం సంగతి అత్తగారే చూసుకుంటారు, మీరు చెప్పవలసిన అవసరం బహుశా రాదు. వారానికి ఒకటి రెండు సార్లు పగలు ఫోన్ ఇచ్చారని తెలిసినా చూసీచూడనట్టు ఊరుకోండి. వాడు వినేలా, "నానమ్మ పాడు చేస్తోంది" అన్న మాట మాత్రం ఎప్పుడూ అనవద్దు.

ఇందులో మీవారికి ఒక పని ఉంది. ఆయన ఎవరినీ ఏమీ అనరని రాశారు. మెచ్చుకుంటూ రాశారో విసిగిపోయి రాశారో గాని, ఇక్కడ ఆ మౌనం పనికిరాదు. ఈ సంగతి కోడలు చెబితే తప్పు పట్టినట్టుంటుంది, కొడుకు చెబితే ధైర్యం చెప్పినట్టుంటుంది. మీరు లేనప్పుడు తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, వాడు ఒక పూట తినకపోయినా నిన్ను ఎవరూ ఏమీ అనరు. తినలేదని నాకు ఒక్క మాట చెప్పు చాలు, రాత్రికి నేను చూసుకుంటాను" అని ఆయన చెప్పాలి. చెప్పినట్టే రాత్రి ఆయనే పిల్లవాడిని కూర్చోబెట్టుకోవాలి. పగలు ఆవిడకు కాస్త ఊపిరాడేలా బాబును దగ్గరలోని అంగన్‌వాడీకో ప్లేస్కూల్‌కో కొన్ని గంటలు పంపే వీలుందేమో కూడా ఆయన్నే విచారించమనండి. మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీలో చేర్చుకుంటారు.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్నకు, ఈ ఒక్క కారణంతో వద్దనే చెబుతాను. రోజంతా ఇంట్లోనే ఉండే తల్లుల నుంచి కూడా ఇదే సమస్యతో ఉత్తరాలు వస్తుంటాయి. మానేసి ఇంట్లో కూర్చున్నా పాలు నాలుగు గ్లాసులే అయితే కంచం ముందు జరిగేదేమీ మారదు. పైగా, తన మీద నమ్మకం లేక కోడలు ఉద్యోగం వదిలేసిందన్న మాట అత్తగారి మనసులో మిగిలిపోతుంది. ఇంటి ఖర్చులు, మీ ఇష్టం, పిల్లవాడి అవసరాలు చూసుకుని ఉద్యోగం గురించి వేరుగా ఆలోచించండి, ఆ ఆలోచనను కనీసం రెండు నెలలు వాయిదా వేయండి. ఈలోగా నెలకొకసారి అదే తూకం యంత్రం మీద బాబు బరువు చూసి రాసి పెట్టుకోండి. వరుసగా రెండు నెలలు తగ్గినా, ఏ పూటా రెండు మూడు పదార్థాలకు మించి నోట పెట్టకపోయినా ఆ కాగితంతో మళ్లీ డాక్టరును కలవండి.