చిట్టీ, పెద్దమ్మ రాస్తోంది

చిట్టీ,

మీ చర్చి సంఘంలో వాలంటీర్ల పనంతా నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. స్తోత్రం అన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గర్వంగానే ఉందే! కానీ నీకు అన్నీ నా పోలికలే వచ్చాయి, అదే నా టెన్షన్.

మామూలు సంగతులు నీకు తెలుసు. ప్రార్థన మానకు, అయ్యగారిని అడక్కుండా ఏదీ మార్చకు, కానుకల లెక్క ఒక్కదానివే పెట్టుకోకు, ఆ షోలింగనల్లూరు ఆఫీసు పని శనివారం రాత్రికి మిగల్చకు.

2015 చెన్నై వరదల్లో మేం సైదాపేటలో ఉన్నాం. డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగింది, తెల్లారేసరికి మా చర్చి మేడ మీద హాలంతా ఏటి ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబాలే. కరెంటు లేదు, ఫోన్లు కలవవు, పాలు 100 రూపాయలు చెబుతున్నారు. నేను కొంగు బిగించాను. బియ్యం ఎవరు కడగాలి, కొవ్వొత్తులు ఎవరు తేవాలి, దుప్పట్లు ముందు ఎవరికివ్వాలి, అన్నీ నా నోటి మీదే నడిచాయి. పైవిచారణ, అంటే దగ్గరుండి పనులు నడిపించడం, నాకు దేవుడిచ్చిన వరం అనేవాళ్లు. నిజమే, ఇప్పుడు కూడా కాదనను.

ఒక పెద్దావిడ మాత్రం ఏ పనీ ముట్టుకోలేదు. గుడిసె, రేషన్ కార్డు, పెళ్లి ఫోటోలు అన్నీ పోయిన ఒక తమిళామె పక్కన పొద్దున్నుంచీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఈవిడకి తమిళం సరిగ్గా రాదు కూడా. నాకు ఒళ్లు మండి అందరి ముందూ అనేశాను, "ఏడవడానికి చాలామంది ఉన్నారమ్మా, గరిటె పట్టేవాళ్లు కావాలి" అని. ఆవిడ మాట్లాడకుండా లేచి, ఉల్లిపాయలు తరిగి, కత్తిపీట కడిగిపెట్టి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

మూడో రోజు నేను వండించిన సాంబారన్నం ఆ తమిళామె పళ్లెంలో అలాగే ఎండిపోయి ఉంది. "అంద పాట్టి ఎంగే?" అని అడిగింది. ఆ ముసలమ్మ ఏదీ అని. ముందు రోజు కూడా ఏమీ తినలేదని పక్కవాళ్లు చెప్పారు.

బైబిల్లో రోమా పత్రిక 12వ అధ్యాయం 8వ వచనం తీసి చూడు. పైవిచారణ చేసేవాడి వెంటనే కరుణించేవాడు ఉంటాడు. ఎన్నిసార్లు కంఠతా చెప్పి ప్రైజులు తెచ్చుకున్నానో ఆ వచనం! పక్కపక్కనే ఉన్న రెండు వరాల్లో ఒకటి నాది కదా అని రెండోదాన్ని ఉల్లిపాయల దగ్గరికి తోలేశాను.

క్షమాపణ అడగాలని క్రిస్మస్ దాకా వాయిదా వేశాను. అప్పటికి ఆవిడ నెల్లూరు, కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఒకసారి ఫోన్లో దొరికింది. "బాగున్నారా అమ్మగారూ" దగ్గరే ఆగిపోయాను. ఆవిడే నా మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది.

అలాగని వంట పని చిన్నదని కాదు, మళ్లీ అటు జారకు. అపొస్తలుల కార్యాలు 6లో ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురిని వెతికింది విధవరాళ్ల భోజనాల సంగతి చూడ్డానికే కదా. నీ చేతిలో లిస్టు ఉంటుంది, ఖాళీగా కూర్చున్న మనిషి కనిపిస్తే నీ వేలు ఊరుకోదు. ముందు వాళ్ల పక్కన ఎవరున్నారో చూడవే తల్లీ, తర్వాత పిలుద్దువు. సౌండ్ దగ్గర కుర్రాడు ఎవరితోనూ మాట్లాడడని మీ అమ్మతో అన్నావట. మాట్లాడకపోతే ఏం, వైర్లు సరిగ్గా పెడుతున్నాడా లేదా?

నువ్వు వేళకి తింటున్నావా అసలు? గొంతు బొంగురుపోయిందని విన్నాను.

వచ్చే ఆదివారం పెరంబూరు నుంచి పొద్దున్నే బయల్దేరతాను, గోంగూర పచ్చడి తెస్తున్నాను. నాకు పనేమీ చెప్పకు. వెనక వరసలో ఎవరైనా ఒంటరిగా కూర్చుంటే వాళ్ల పక్కన నాకో కుర్చీ వెయ్యి.

మీ పెద్దమ్మ