ఐరిష్ 'దాన్'లో ఆ దీర్ఘం ఎక్కడిది?

కానుకకు ఐరిష్‌లో 'దాన్', లాటిన్‌లో 'దోనుమ్', సంస్కృతంలో 'దానమ్'. ఐరిష్, సంస్కృతం రెండిట్లోనూ 'ఆ' ఉంది కాబట్టి అవి దగ్గరి చుట్టాలేనా అని అడిగారు. కాదండీ. రెండు చోట్లా ఆ 'ఆ' వచ్చిన దారులు వేరు.

ఈ మూడు భాషలూ పుట్టిన మూలభాషలో (ఇండో-యూరోపియన్ మూలభాష) అక్కడ ఉన్నది 'ఓ'. లాటిన్ దాన్ని అలాగే ఉంచుకుంది. సంస్కృతం వైపు ఏ, ఓ, ఆ మూడూ కలిసిపోయి 'ఆ' అయ్యాయి. కెల్టిక్‌లో, అంటే ఐరిష్, వెల్ష్ లాంటి భాషల శాఖలో మాత్రం 'ఓ' వెళ్ళి 'ఆ'లో కలిసింది, 'ఏ' వెళ్ళి 'ఈ' అయింది.

'రాజు' మాట పట్టుకుని చూడండి, తేడా దొరికిపోతుంది. లాటిన్‌లో రేక్స్ (మూలభాష 'ఏ' ఇక్కడ అలాగే ఉంది), సంస్కృతంలో రాజ్, ఐరిష్‌లో రీ. సంస్కృతంలో జరిగిందే అక్కడా జరిగి ఉంటే ఐరిష్ మాట 'రా' అయ్యుండాలి కదా! క్రీ.పూ. 52లో సీజర్‌ మీద తిరగబడ్డ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతపు కెల్టిక్ జనం) నాయకుడు వెర్సింజెటోరిక్స్ పేరు చివర ఉన్న 'రిక్స్' కూడా ఈ రాజే.

ఇంకో మెలిక ఉంది, మొదట్లో నన్ను బాగా తికమక పెట్టింది ఇదే. మాట చివరి అక్షరంలో 'ఓ' ఉంటే అది 'ఆ' కాదు, 'ఊ' అవుతుంది. అందుకే వేటకుక్కకు ఐరిష్‌లో 'కూ'. సంస్కృతంలో దీని జోడీ 'శ్వా', మనం శ్వానం అంటామే, అదే. వెల్ష్‌లో ఆ 'ఊ' మళ్ళీ మారి 'కీ' అయింది, 'దాన్' కాస్తా 'దౌన్' అయింది. ఐరిష్ లెక్క కుదిరేదాకా వెల్ష్ జోలికి వెళ్ళకండి, అనవసరంగా టెన్షన్.