ఏ కాలువో రాయించుకో

చిత్తూరు

చిరంజీవి మాధవికి మామయ్య ఆశీస్సులు.

తిరుపతిలో వార్డు ఇంజినీరుగా చేరావని అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఆఫీసు కాగితాల్లో వచ్చే మాటలకు అర్థాలు రాసి పంపమన్నావట. పుస్తకంలో అర్థాలు నీకు తెలిసినవే. అవి వీధిలో ఎలా కనిపిస్తాయో మాత్రం రాస్తాను.

వాన నీటి కాలువ వేరు, మురుగు నీటి పైపు వేరు. పైపులో పోయేది శుద్ధి కేంద్రానికి వెళ్లాలి. వాన కాలువలో పడ్డది ఏదైనా సరే, వడపోత లేకుండా వంకకో చెరువుకో, చివరికి స్వర్ణముఖికో చేరుతుంది. జనం రెండింటినీ కాలువ అనే అంటారు. 'ఇంటి నీరు కాలువలోకి వదలడానికి' అని వచ్చిన ఒక దరఖాస్తు మీద నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. అది మరుగుదొడ్డి నీరని మూడు నెలల తర్వాత, కింది వీధివాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. ఉత్త 'కాలువ' అని కనిపిస్తే, ఏ కాలువో రాయించుకునే దాకా కలం తీయకు.

ఇక పరివాహక ప్రాంతం, అంటే ఒక కాలువకు వాన నీరు వచ్చి చేరే నేలంతా. వార్డు హద్దు మనం గీసుకున్నది, నీటికి దానితో పని లేదు. మీ ఊరికి తలాపునే శేషాచలం కొండలు. ఆ బండల మీది వాన కపిలతీర్థం దగ్గర ఎలా విరుచుకుపడుతుందో 2021 నవంబరులో అందరూ చూశారు. ఊళ్లో చినుకు ఆగినా పైనుంచి నీరు వస్తూనే ఉంటుంది. ఎంత వాన పడిందన్నది ఒక్కటే చాలదు, దూరపు కొసన పడ్డ నీరు నీ కల్వర్టుకు ఎంతసేపట్లో చేరుతుందో కూడా లెక్కలో ఉండాలి.

పారుదల గుణకం అంటే, పడ్డ వానలో ఇంకకుండా పారిపోయే వంతు. గంటకు 50 మిల్లీమీటర్ల లెక్కన హెక్టారు మీద వాన కురిస్తే, గుణకం 0.3 ఉన్న తోట నుంచి సెకనుకు దాదాపు 42 లీటర్లు వస్తాయి. ఆ తోటను ప్లాట్లు చేసి సిమెంటు పరిస్తే, గుణకం 0.9 అయి, 125 లీటర్లు. కాలువ మాత్రం తాతల నాటిది! వీధి మునిగితే పూడిక తీయలేదని పారిశుద్ధ్య కార్మికులను తిడతారు. పూడిక ఉండదని కాదు, అదొక్కటే కారణం కాదు.

తొలి వాన నీరు అనే మాటను కంటితో చూసి నేర్చుకో. ఎండలు ముదిరాక వచ్చే మొదటి వానకు కాలువ దగ్గర రెండు గాజు సీసాలతో నిలబడు. నీరు పారడం మొదలవగానే ఒకటి నింపు, అరగంట తర్వాత రెండోది. రాత్రంతా కిటికీలో ఉంచు. మొదటి దాని అడుగున టైర్ల పొడి, దుమ్ము కలిసిన నల్లని బురద, పైన రంగురంగుల నూనె తెట్టు కనిపిస్తాయి. ఇంటి పైకప్పు నీటిలోనూ తొలి వానను బయటికి వదిలేయమనేది అందుకే. వీధి నీటినైతే బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి అస్సలు మళ్లించనివ్వకు. భూగర్భ జలం ఒకసారి చెడితే బాగుచేయడం మన తరం కాదు.

బీఓడీ అంటే నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు వాడుకునే ఆక్సిజన్. శుద్ధి చేసిన నీటిని వాగులో వదలడానికి సాధారణ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు. నివేదిక కోసం ఎదురుచూసే లోపు తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళ్లు. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గిందని అర్థం. చెరువు నిండితే నీరు పొర్లిపోయే మొరవ దగ్గర కాదు, కాలువ వచ్చి చెరువులో కలిసే చోట చూడు.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఒక ఆదివారం వస్తాను. కపిలతీర్థం నుంచి కిందికి నడుద్దాం. మ్యాపు నువ్వు తీసుకురా, గొడుగు నేను తెస్తాను.

మామయ్య