టెక్ సందేహాలు: కారుకు పెద్ద ఆయిల్ ఫిల్టరు వేయవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో పెట్రోల్ కారును ట్యాక్సీగా తిప్పుతున్నాను. వారానికి నాలుగైదుసార్లు కొండకు వెళ్లివస్తాను. అదే మర ఉన్న పొడవాటి ఫిల్టరు వేస్తే ఆయిల్ మార్చే గడువును రెట్టింపు చేసుకోవచ్చని మా మెకానిక్ చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, తిరుచానూరు రోడ్డు

జవాబు: ఫోన్ల సందేహాల మధ్య ఇంజిన్ సందేహం రావడం సంతోషమే. మీ మెకానిక్ మాటలో సగమే నిజం. పెద్ద డబ్బాలో వడపోత కాగితం ఎక్కువ మడతలతో ఇముడుతుంది కాబట్టి మురికి పట్టే చోటు పెరుగుతుంది, ఆయిల్ ప్రవాహానికి అడ్డు కొంత తగ్గుతుంది. కానీ ఎంత సన్నని రేణువును ఆపగలదన్నది కాగితం నాణ్యతను బట్టి ఉంటుందే తప్ప డబ్బా పొడవును బట్టి కాదు.

గడువు సంగతి వేరు. ఆయిల్ పాడయ్యేది మురికి వల్ల మాత్రమే కాదు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నిండు బరువుతో, చిన్న గేరులో ఇంజిన్ పుట్టించే వేడికి అందులోని రసాయనాలు క్రమంగా అరిగిపోతాయి, వాటిని ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. కాబట్టి కంపెనీ పుస్తకంలో రాసిన గడువును దాటవద్దు.

మర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 20 మిల్లీమీటర్ల మర ఉన్న ఫిల్టరు ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్ల బోల్టు మీదకు సులువుగానే ఎక్కి, బిగిసినట్టే అనిపించి, ఒత్తిడి పెరిగినప్పుడు ఊడిపోవచ్చు. మర కుదిరినా రబ్బరు రింగు వ్యాసం కూడా సరిపోవాలి. లోపలి బైపాస్ వాల్వు తెరుచుకునే ఒత్తిడి కూడా అసలు ఫిల్టరుతో సమానంగా ఉండాలి. ఫిల్టరు మూసుకుపోయినప్పుడు ఈ వాల్వే వడపోయని ఆయిల్‌ను ఇంజిన్‌కు పంపుతుంది. ఇంజిన్ ఎండిపోవడం కన్నా మురికి ఆయిల్ అందడమే మేలు కదా! మరీ తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే మాత్రం వడపోత పేరుకే మిగులుతుంది. ఫిల్టరు అడ్డంగా బిగించే ఇంజిన్లలో, ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు లేకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఎర్ర ఆయిల్ లైటు ఆరడానికి ఆలస్యమవుతుంది. ఇక పొడవాటి డబ్బా కిందికి వేలాడితే స్పీడ్ బ్రేకర్‌కు తగిలే ప్రమాదం ఉంది. వారంటీ ఉంటే గొడవ అదనం.

నా మట్టుకు, మీ కారుకు అసలు కొలత ఫిల్టరే వేసి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్నీ మార్చమంటాను.

అన్నీ కుదిరి పెద్దది వేసుకున్నా, పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయిందేమో మెకానిక్ వేలితో తడిమి చూడాలి, ఎందుకంటే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే కారడం ఖాయం. తర్వాత ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి, కింద చుక్కలు పడుతున్నాయేమో చూసి, ఆపి కాసేపయ్యాక డిప్‌స్టిక్ తీసి చూడండి: 200 మిల్లీలీటర్లు ఎక్కువ పట్టే ఫిల్టరు అయితే మట్టం ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది, అంతే కలపాలి.