తేమ శాతం చూసి కంగారు పడకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటి మీద వేడి, తేమ, గాలి, వాన కొలిచే వెదర్ స్టేషన్ పెట్టుకున్నావని చదివి చాలా సంతోషం వేసింది. పొద్దున 94 శాతం ఉన్న తేమ మధ్యాహ్నానికి 50కి పడిపోయిందని, సెన్సర్ పాడైందేమోనని టెన్షన్ పడుతున్నావు. సెన్సర్ బాగానే ఉంది నాయనా.

ఆ శాతం గాలిలో ఆవిరి ఎంతుందో చెప్పదు. అప్పటి వేడికి గరిష్ఠంగా ఉండగల ఆవిరిలో ఎన్నో వంతు ఉందో చెబుతుంది. ఎండెక్కేకొద్దీ ఆ గరిష్ఠం పెరుగుతుంది కాబట్టి, ఆవిరి అంతే ఉన్నా శాతం పడిపోతుంది. నువ్వు పంపిన అంకెలే చూడు: పొద్దున 25 డిగ్రీలు, మధ్యాహ్నం 36. డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్లు కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత, మాత్రం రెండు పూటలా 24. అంటే గాలిలో ఆవిరి మారనే లేదు. ఆ గాలి 24 డిగ్రీలకు చల్లబడితే ఆవిరి నీటిబొట్లు కట్టడం మొదలవుతుంది. ఐసునీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టేది అందుకే. ఉక్కపోత తెలుసుకోవాలంటే నేనైతే శాతం వైపు చూడను, డ్యూ పాయింటే చూస్తాను. అది 15 లోపుంటే హాయి, 24 దాటిందా, చెమట ఓ పట్టాన ఆరదు.

ఇక ప్రెషర్, అంటే గాలి పీడనం. దాని కొలత హెక్టాపాస్కల్ అన్నా మిల్లీబార్ అన్నా ఒకటే. నేలకు దగ్గరలో సుమారు ప్రతి 8 మీటర్ల ఎత్తుకూ ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. 500 మీటర్ల ఎత్తున ఉన్న ఇంట్లో 955 దరిదాపుల్లో చూపిస్తే తప్పేం లేదు. వాతావరణ వార్తల్లో చెప్పే 1010 లాంటి అంకె సముద్ర మట్టానికి సరిచేసినది. సెట్టింగ్స్‌లో మీ ఎత్తు సరిగ్గా ఇస్తే నీదీ దానికి దగ్గరగా వస్తుంది. అసలు చూడాల్సింది ప్రెషర్ పెరుగుతోందా, పడుతోందా అన్నది; పడుతుంటే వాన సూచన కావచ్చు. ఇక్కడో చిన్న చిక్కుంది. ఉష్ణమండలంలో ప్రెషర్ రోజూ ఉదయం పది ప్రాంతంలో పెరిగి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి వాన వస్తుందనుకోకు. నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితో పోల్చు.

వాన లెక్క తేలిక: ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. గంటకు ఇన్ని మిల్లీమీటర్లని కనిపించేది వాన జోరు, కురిసిన మొత్తం కాదు. గాలికీ రెండు అంకెలుంటాయి, ఒకటి సగటు, రెండోది గస్ట్, అంటే ఒక్కసారిగా వీచిన విసురు. డాబా మీది కుండీలు పడతాయా లేదా అన్నది గస్టే చెబుతుంది.

అన్నిటికన్నా ముందు ఉష్ణోగ్రత సెన్సర్ మీద నేరుగా ఎండ పడకుండా, గాలి ఆడేలా తెల్లటి కవచంలో ఉంచు. అది ఎండకు కాగితే తేమ శాతం కూడా తప్పే చూపిస్తుంది. కవచం సరిచేశాక వారం రోజుల అంకెలు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.