"కాదన్నిందెవరబ్బా?"

తమ్ముడూ, సాహిత్య విమర్శ వ్యాసంలో థీసిస్ వాక్యం, అంటే వ్యాసమంతా నిరూపించబోయే వాదన చెప్పే వాక్యం, ఎన్నిసార్లు రాసినా 'స్పష్టంగా లేదు' అని సారు వెనక్కి ఇస్తున్నారన్నావు. కడపలో ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు నాదీ ఇదే అవస్థ.

నా మొదటి వాక్యం: 'కన్యాశుల్కం గొప్ప సాంఘిక నాటకం.' ఎర్రముక్కపల్లిలో, బ్రౌన్ లైబ్రరీ నుంచి బయటికొచ్చి టీ తాగుతూ ఒక సీనియర్‌కు చూపించినా. చదివి, "కాదన్నిందెవరబ్బా?" అన్నాడు. టీ చల్లారిపోయింది గానీ నాకు జవాబు దొరకలేదు.

రెండోసారి 'మధురవాణి పాత్ర ద్వారా గురజాడ సమాజాన్ని విమర్శించాడు' అని రాసినా. ఈ 'ద్వారా'తో జాగ్రత్త. మధురవాణి పేరు కొట్టేసి గిరీశం అని పెట్టు, వాక్యం అట్లే నిలబడుతుంది. అంటే మధురవాణి గురించి నేను చెప్పిందేమీ లేదు.

అప్పుడు నాటకం మళ్లీ చదివినా, ఎవరెవరు వేషం కడుతున్నారో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వకుండా ఆపాలని కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆయనకిచ్చి పెళ్లి చేస్తాడు. దానికి మధురవాణి సాయం. చివర ఆమే మగవేషంలో వకీలు సౌజన్యారావు ఇంటికి పోతుంది. గిరీశానికి వేషం అక్కరలేదు, సంస్కర్తనని చెప్పుకుంటూనే వితంతువు బుచ్చమ్మను తీసుకుపోతాడు. పుటలు తిప్పి చూస్తే గీతలన్నీ ఒకే ప్రశ్న దగ్గర కలిసినాయి: నాటకం ఏ మోసాన్ని క్షమిస్తుంది, దేన్ని క్షమించదు? వాక్యం ఇట్లా వచ్చింది: 'గిరీశం, మధురవాణి ఇద్దరూ మోసమే చేస్తారు, సుబ్బి పెళ్లి తప్పించే మోసాన్ని నాటకం క్షమిస్తుంది, సొంత సుఖం కోసం చేసినదాన్ని సౌజన్యారావు ముందు బయటపెడుతుంది.'

ఈసారి సీనియర్ ఊరుకోలేదు. "మధురవాణి తనను ఉంచుకున్న రామప్పపంతుల్ని ఆటపట్టించిందీ సుబ్బి కోసమేనా?" అని ఎదురు తిరిగినాడు. ఆ గొడవే నా వ్యాసంలో చివరి పేరా అయింది. వ్యాసమంతా రాసినాక ఆ థీసిస్ వాక్యంలో రెండు మాటలు మళ్లీ మార్చినా, నువ్వూ మార్చాల్సి వస్తుంది.

ఇంకొకటి. నువ్వు కూడా కన్యాశుల్కమే తీసుకుంటే ఏ కూర్పో ముందే రాయి. 1897 నాటిదీ, 1909లో గురజాడ తిరగరాసిందీ చాలా తేడా. నేను రాయలేదు, దానికి మార్కులు పోయినాయి.