కెరిస్‌ పిడులు కొంటే అబ్బాయి కాలేజీ ఫీజు వస్తుందా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఇండోనేసియాలోని సురబాయాలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మరో రెండేళ్లలో విశాఖ వచ్చేస్తాం. అబ్బాయి ఎనిమిదో తరగతి. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) ఎఫ్‌డీలో రూ.18 లక్షలు, మ్యూచువల్‌ ఫండ్లలో రూ.12 లక్షలు ఉన్నాయి. విశాఖ ఫ్లాటు మీద గృహరుణం ఇంకా రూ.32 లక్షలు, వడ్డీ 8.5 శాతం. మదురా దీవికి వెళ్లినప్పుడల్లా కెరిస్‌ బాకుల చెక్కడపు పిడులు, ఒరలు ఒకటీ అరా కొంటుంటాను. ఇప్పుడొక వ్యాపారి 15 పిడులు, 7 ఒరలు కలిపి 16 కోట్ల రుపియాలకు, మన డబ్బుల్లో దాదాపు రూ.9 లక్షలకు, ఇస్తానంటున్నాడు. మూడు పిడులు ఏనుగు దంతంవట. దంతం మీద నిషేధం ఉంది కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుందంటున్నాడు. ఎఫ్‌డీ తీసి కొనేసి, అబ్బాయి ఇంజినీరింగ్‌కి వచ్చేసరికి ఇండియాలో అమ్ముకోవచ్చా?

జవాబు: ఎఫ్‌డీ తీయకండి. పిడుల మీద మీ ఇష్టాన్ని కాదనడం లేదు. కొనడం మానేయమనీ అనను. కానీ అబ్బాయి ఫీజు డబ్బుతో మాత్రం కొనొద్దు. వస్తువు మంచిదా కాదా అన్నది తర్వాతి సంగతి, ముందు మీరు దాన్ని ఎక్కడ, ఎవరికి అమ్ముతారో చూడాలి.

కెరిస్‌ సామగ్రి కొనేవాళ్లు జకార్తా, సురబాయా, సోలో, యోగ్యకర్తల్లో ఉంటారు. పాత వలస సంబంధం వల్ల నెదర్లాండ్స్‌లోనూ ఉన్నారు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో మదురా పిడికి గిరాకీ దాదాపు లేదనే అనుకోండి. ఇక్కడికి తెచ్చిన రోజున అది మీ షోకేసులో అందమైన వస్తువు, అంతే. పోనీ అక్కడే అమ్మినా, వ్యాపారి అమ్మే ధర వేరు, తిరిగి కొనే ధర వేరు. వెయ్యికి కొన్నదాన్ని ఆరువందలకు తీసుకుంటాడనుకుందాం. మీ అసలు మీకు రావాలంటేనే ధర 67 శాతం పెరగాలి. ఏటా 8 శాతం పెరిగినా దానికి ఆరున్నరేళ్లు దాటుతుంది. మీ చేతిలో ఉన్నది ఐదేళ్లే. అదే రూ.9 లక్షలు గృహరుణానికి కడితే మొదటి ఏడాదే రూ.76,500 దాకా వడ్డీ మిగులుతుంది. ఆ మిగులుకి ఏ వ్యాపారి మాటా అక్కర్లేదు.

దంతం సంగతి తేల్చేద్దాం. నిషేధం వల్ల ధర పెరుగుతుందన్నది సరిగ్గా తిరగేసిన లెక్క. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్‌ ఒప్పందంలో ఆసియా ఏనుగు మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో, ఉంది. ఇండోనేసియాలో రక్షిత జంతువుల భాగాలు కొనడం, అమ్మడం నేరం. మన 1972 వన్యప్రాణి చట్టం దంతం వ్యాపారాన్ని ఒప్పుకోదు, 1991 సవరణతో దిగుమతి దంతాన్నీ అందులో చేర్చారు. సింగపూర్‌ 2021 సెప్టెంబరు నుంచి దేశంలో అమ్మకాన్నే ఆపేసింది. అందువల్ల ఆ మూడు పిడుల ధర మీ లెక్కలో సున్నా, జైలు భయం అదనం. అవి నిజం దంతమో, ఎముకో, రెసినో తేల్చుకోవాలని కూడా ప్రయత్నించకండి. దంతమైతే నేరం, కాకపోతే మోసం. నల్ల పగడంతో చేసిన పిడులు ఉంటే అవీ సైటీస్‌ రెండో అనుబంధం కిందకు వస్తాయి, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు. కెమునింగ్‌ వంటి కలప, గేదె కొమ్ము, వీటితోనే ఉండండి.

రెండో చిక్కు వయసుది. పాతదంటే ఎక్కువ ధర చెబుతారు. కానీ ఇండోనేసియా 2010 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టంలో 50 ఏళ్ల గీత ఉంది. అంతకన్నా పాతదై, వారసత్వ వస్తువుగా తేలినదాన్ని మంత్రిత్వశాఖ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ‘వందేళ్ల నాటిది’ అని వ్యాపారి గర్వంగా రసీదులో రాస్తే, కస్టమ్స్‌ దగ్గర ఆ వాక్యమే మీకు అడ్డం పడుతుంది. అలాగని అబద్ధపు రసీదు రాయించుకోకండి. పాతదనిపించే ప్రతి వస్తువుకూ ‘వారసత్వ వస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం సంస్కృతీ పరిరక్షణ కార్యాలయం నుంచి వస్తేనే డబ్బు ఇస్తానని చెప్పండి. కెరిస్‌ పనికి పేరుపడ్డ అయెంగ్‌ తోంగ్‌తోంగ్‌ గ్రామం మదురాలోని సుమెనెప్‌ జిల్లాలోనే ఉంది. ఆ చుట్టుపక్కల నేటి పనివాళ్ల చేత చేయించుకున్న కొత్త పిడికి ఈ తలనొప్పి లేదు. నన్నడిగితే మీలాంటివారికి అదే మేలైన కొనుగోలు.

ఇక వస్తువు. ఆకులు, తీగలు, పూలతో ఒళ్లంతా నింపేసే దొనోరికో రకం పిడి మదురాకు ప్రత్యేకం. సుమెనెప్‌ రెక్కల గుర్రం, కిరీటం చెక్కినవీ దొరుకుతాయి. చేతిలోకి తీసుకోగానే బోర్లించి, బాకు తోక దిగే రంధ్రంలోకి టార్చి వెయ్యండి. వాడిన పిడికి లోపల తుప్పు మరక, బిగింపు కోసం చుట్టిన గుడ్డపోగుల ఆనవాళ్లు ఉంటాయి. లోపల తాజా డ్రిల్లు గీతలు కనబడుతూ పైన మాత్రం ముదురు గోధుమరంగు మెరుస్తుంటే, ఆ రంగు టీ డికాక్షనో బూటు పాలిషో అయి ఉండొచ్చు. నిజంగా చేతిలో నలిగితే ఉబ్బెత్తు భాగాలు, అంటే పూరేకుల అంచులు, అరిగి నునుపెక్కుతాయి, గుంటల్లో మురికి నిలుస్తుంది. అంతటా ఒకే రంగుంటే నమ్మకండి. ఆకు కింద ఖాళీ వదిలి తొలిచారా, పైపైన గీశారా చూడండి. ధరలో తేడా అక్కడే. తీగ ఎక్కడైనా విరిగి జిగురుతో అతికితే భూతద్దంలో సన్నని మెరుపు గీత కనబడుతుంది.

ఒరలతో మరో ఇబ్బంది. పిడిని మరో బాకుకి మార్చుకోవచ్చు. ఒర అలా కాదు, ఒక బాకు కొలతకే లోపల తొలుస్తారు. బాకు మొదలు ఒకవైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పైనున్న అడ్డముక్కలో గాడి ఆ ఒక్కదానికే సరిపోతుంది. బాకు లేని ఖాళీ ఒర తిరిగి అమ్ముడుపోవడం కష్టం. ఆ ఏడు ఒరలూ ఖాళీవైతే మొత్తం ధరలో వాటి వాటా ఎంత వేశాడో అడగండి. అడ్డముక్క, కింది గొట్టం కలిసేచోట పగులు, పుల్లతో నొక్కితే రాలే పొడి ఉంటే వదిలెయ్యండి. పొడి రాలిందంటే లోపల పురుగు ఉంది, మీ విశాఖ ఇంటి తలుపులూ దానికి రుచిస్తాయి.

బాకుతో సహా తేవాలనుకుంటే ముందే చెబుతున్నా: 9 అంగుళాలు దాటిన బాకు మన ఆయుధ నిబంధనల కిందకు వస్తుంది, దిగుమతికి లైసెన్సు కావాలి. కెరిస్‌ బాకులు చాలావరకు ఆ కొలత దాటేవే. పిడులు మాత్రమే, రసీదులతో తెచ్చి, విమానాశ్రయంలో డిక్లేర్‌ చేయండి.

పన్ను ఇలా ఉంటుంది. ఇలాంటి కళాఖండాలను సొంత వాడకం వస్తువులుగా మన చట్టం వదిలెయ్యదు, అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. 24 నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం, ఈలోపైతే మీ శ్లాబు ప్రకారం. కొన్న రసీదు లేకపోతే అసలు ఎంతో రుజువు చేసుకోలేరు. తిరిగొచ్చాక వస్తువుల్ని సురబాయాలో స్నేహితుడి ఇంట్లో ఉంచేస్తే, ఆర్‌ఎన్‌ఓఆర్‌ హోదా (తిరిగొచ్చినవారికి పన్ను చట్టం కొన్నాళ్లు ఇచ్చే మధ్యంతర హోదా) ముగిశాక వాటిని రిటర్నులో విదేశీ ఆస్తిగా చూపాలి. గృహబీమాలో కళాఖండాలు వాటంతటవే కలవవు, విలువ ఒప్పించుకుని విడిగా చేర్పించాలి.

మీకు నేను వేసే హద్దు రూ.1.5 లక్షలు, అదీ ఏడాదిన్నరలో, జీతం మిగులులోంచి. ఖర్చు కింద రాసుకోండి, ఆస్తి కింద కాదు. దానికన్నా ముందు ఆరునెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో కలిపి, ఎఫ్‌డీలో పక్కన పెట్టండి. ఉద్యోగం మారే రెండేళ్లు అది ముట్టుకోకూడదు. అప్పుకి సరిపడా టర్మ్‌ పాలసీ లేకపోతే ఈ నెలే తీసుకోండి. కాలేజీ డబ్బులో ఈక్విటీ వాటా ఇప్పుడు సగానికి మించకుండా చూసి, ఇంటర్‌లో చేరాక ఏటా కొంత డిపాజిట్లలోకి మార్చండి. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు, తేదీ చూసుకోండి.

వ్యాపారితో బేరం మొత్తం మూటకి వద్దు. దంతం పిడులు, ఖాళీ ఒరలు పక్కన పెట్టించి, మిగిలిన పన్నెండు పిడుల్లో మీకు నచ్చిన మూడింటికి విడివిడిగా ధర చెప్పమనండి. రసీదులో కలప పేరు, కొలత, ఫొటో ఉండాలి. ‘అంతా కలిపితేనే’ అంటే, ఆ మూటలో వదిలించుకోవాల్సిన సరుకే ఎక్కువని అర్థం.